ఓషధులు - స్మృతి - చిత్తప్రసాదము

సాధకునకు స్మృతి మూలధనము వంటిది. విన్న వాక్యము మనస్సున నిలువనిచో శ్రవణము వ్యర్థము. నిలిచిన వాక్యమును మరల మరల తలపనిచో మననము లేదు. ఆ తలపు చెదరక ప్రవహింపనిచో ధ్యానము లేదు. ఇట్లు శ్రవణ మనన నిదిధ్యాసనములు మూడును స్మృతిని ఆశ్రయించియే యున్నవి. కావున మేధ వృద్ధినొందవలెనని కోరుట దోషము గాదు. మేధను ప్రసాదింపుమని వేదఋషులే ప్రార్థించిరి.

అయితే ఈ కోరిక నేడు సులభమైన త్రోవను వెదకుచున్నది. పరీక్షల కాలము సమీపింపగానే పిల్లలకు జ్ఞాపకశక్తినిచ్చు లేహ్యములు, గుళికలు కొనువారు అనేకులు. వార్ధక్యమున మఱపు కనిపింపగానే ఏ ఆకు పసరు మేలని విచారించువారును అనేకులే. దక్షిణ అండమానులోని చౌల్దారీ వంటి గ్రామమున నివసించు గృహస్థుని గూర్చి తలపుడు. పెద్ద వైద్యశాలకు పోవలెనన్నచో, 2024 లో శ్రీ విజయపురమని క్రొత్త పేరు పొందిన పోర్ట్ బ్లెయిరునకు ప్రయాణము చేయవలెను. ఆకు మాత్రము పెరటి తడినేలలోనే దొరకును. చేరువనున్న ఆకును నమ్ముట సహజము. ఆ నమ్మకమున సత్యమెంత, భ్రమ యెంత అని శాంతముగా విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

స్మృతి యనగా నేమి?

పతంజలి మహర్షి చిత్తవృత్తులు అయిదనెను. అందు అయిదవది స్మృతి. అనుభవమునకు వచ్చిన విషయము జారిపోకుండుట స్మృతి యని ఆయన నిర్వచనము. ఇందు రెండంశములు కలవు. మొదట విషయము చక్కగా అనుభవమునకు రావలెను. పిదప అది జారిపోరాదు. మొదటిది లేనిచోట రెండవదానికి అవకాశమే లేదు. తాళపుచెవిని ఎచ్చట నుంచితినో మఱచితినని మనము వగచుచుందుము. నిజమునకు అది మఱపు కాదు. ఉంచునపుడు మనస్సు అచ్చట లేదు. లోనికి రానిది బయటకు పోవుట యెట్లు? కావున స్మృతికి తొలిమెట్టు అవధానము. మూట విప్పగా నలుదెసల చెదరిన ఆవగింజలను ఏరి కూర్చుట కష్టమని, చెదరిన మనస్సును గూర్చి శ్రీ రామకృష్ణులు చెప్పుచుండెడివారు.

చరకసంహిత శారీరస్థానమున స్మృతికి ఎనిమిది కారణములు చెప్పబడినవి. కారణమును చూచి కార్యమును తలచుకొనుట, రూపమును గ్రహించుట, పోలిక, పోలికకు విపర్యయము, మనస్సును దానియందే నిలుపుట, అభ్యాసము, జ్ఞానయోగము, మరల వినుట. ఆయుర్వేదమునకు మూలగ్రంథమనదగిన పుస్తకము చెప్పిన ఈ ఎనిమిదింటిలో ఒక్క ఓషధియు లేదు! చరకుడు ఓషధులను ఎఱుగనివాడా? కాదు. ఓషధికి స్థానము వేఱొక చోట నున్నదని ఎఱిగినవాడు.

అన్నము, మనస్సు

ఆ స్థానమేదో ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతు వృత్తాంతమువలన తెలియును. మనస్సు అన్నమయమని ఉద్దాలకుడు కుమారునకు బోధించెను. ఆ మాట మనస్సుకెక్కుటకై పదునైదు దినములు భుజింపక, నీరు మాత్రము త్రాగుచు నుండుమనెను. కుమారుడట్లే చేసి తిరిగి వచ్చెను. ఋక్కులను, యజస్సులను, సామములను చెప్పుమని తండ్రి అడుగగా, అవి నాకు తోచుటలేదని చెప్పెను. పండ్రెండేండ్లు గురుకులమున నేర్చిన విద్య పదునైదు దినముల ఉపవాసముతో అణగిపోయినది. మహాగ్నిలో మిణుగురు పురుగంత నిప్పుకణము మాత్రము మిగిలినచో అది ఎక్కువగా దహింపజాలదు. గడ్డిపఱకలు వేసి రగిల్చినచో మరల ప్రజ్వరిల్లును. నీ విషయమును అంతియే, పోయి భుజింపుమని తండ్రి చెప్పెను. భుజించినంతనే అడిగినదెల్ల శ్వేతకేతువు చెప్పగలిగెను.

ఈ కథలో విద్య నశింపలేదు. అన్నము దానిని సృష్టింపను లేదు. విద్య ప్రకాశించుటకు కావలసిన ఇంధనమును మాత్రము అన్నమిచ్చినది. మెదడు దేహభారములో సుమారు నూటికి 2 వంతులే యైనను, విశ్రాంతిలోనున్న దేహము వ్యయపఱచు శక్తిలో సుమారు నూటికి 20 వంతులను అదియే గ్రహించునని నేటి శరీరశాస్త్రము చెప్పుచున్నది. కావున ఉదయమున పస్తుండి పాఠశాలకు పోవు బాలునకు కావలసిన మొదటి మేధ్యము ఓషధి కాదు, గుప్పెడు అన్నము.

మేధ్యరసాయనములు

చరకుడు చికిత్సాస్థానపు మొదటి అధ్యాయమున నాలుగు మేధ్యరసాయనములను ఉపదేశించెను. మండూకపర్ణి స్వరసము, పాలతో అతిమధుర చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. వీనిలో శంఖపుష్పి విశేషముగ మేధ్యమని చెప్పెను. వీనితోపాటు బ్రహ్మి, వస, అశ్వగంధ మొదలగునవి కూడ వైద్యులవలన, గృహిణులవలన వాడుకలో నున్నవి. పసిబిడ్డకు మాటలు త్వరగా వచ్చుటకై వసకొమ్ము అరగదీసి నాకించుట మన ఇండ్ల ఆచారము. గలగల మాటలాడు పిల్లను వసపిట్ట యనుట నేటికిని వినుచున్నాము.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పేరొకటి, మొక్కలు అనేకములు. కేరళమున బ్రహ్మి యనిన తడినేలల ప్రాకు, మందమైన చిన్న ఆకుల మొక్క. ఉత్తరదేశమున అనేకులు మండూకపర్ణినే బ్రహ్మి యందురు. తెలుగునాట సరస్వతి ఆకు అను పేరు తఱచుగా గుండ్రని ఆకుల మండూకపర్ణికి చెల్లుచున్నను, కొన్నిచోట్ల రెండవదానికిని చెల్లుచున్నది. శంఖపుష్పి యను పేరు దేశభేదమునుబట్టి నాలుగు వేఱు వేఱు మొక్కలకు కలదు. అందు మన విష్ణుక్రాంత యొకటి. ఒక మొక్క గుణమును విని మఱియొక మొక్కను సేవించినవాడు శాస్త్రమును నిందించి ప్రయోజనమేమి?

పరీక్షలలో తేలినది

ఓషధి గుణమును నిర్ణయించుటకు నేటి వైద్యులు అనుసరించు పద్ధతి ఇట్టిది. కొందఱకు ఓషధిని, మఱికొందఱకు చూపునకు దానివలెనే యున్నను గుణములేని గుళికను ఇత్తురు. ఎవరికి ఏది లభించినదో పుచ్చుకొనువారికి గాని ఫలితమును కొలుచువారికి గాని ముందుగా తెలియదు. మందు పుచ్చుకొంటిననెడి నమ్మకమే కొంత మేలు చేయును గనుక, ఆ మేలును తీసివేసి మిగిలినదానిని లెక్కించుట దీని ఉద్దేశము. ఇది ఒకవిధమైన వివేకసాధనమే.

బ్రహ్మి విషయమున ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలు ప్రసిద్ధములు. 2001 లో ప్రకటితమైన మెల్బోర్న్ పరీక్షలో 46 మంది ఆరోగ్యవంతులు పాల్గొనిరి. దినమునకు 300 మిల్లీగ్రాముల సారము సేవించినవారిలో నేర్చుకొను వేగము, జ్ఞాపకము స్థిరపడుట కొంత మెఱుగుపడినవి. ఆ మేలు పండ్రెండు వారములకు విశదమైనది. 2002 లో వెలువడిన మఱియొక పరీక్షలో నలువది మొదలు అఱువదియైదేండ్ల లోపు వారు 76 మంది మూడు నెలలు పాల్గొనిరి. క్రొత్తగా నేర్చుకొను వేగమున భేదము కనిపింపలేదు. నేర్చినది మఱచిపోవు వేగము మాత్రము తగ్గినట్లు తోచినది. 2014 లో తొమ్మిది పరీక్షలను, మొత్తము 518 మందిని చేర్చి పరిశీలించినవారు అవధాన వేగమున మేలు కలదనిరి. అయితే 2001 లోనే 38 మందికి ఒక్క మోతాదు మాత్రమిచ్చి రెండు గంటల పిదప పరీక్షింపగా ఎట్టి మార్పును కానరాలేదు. పరీక్షకు ముందు రాత్రి కొనితెచ్చిన గుళిక మఱునాటి ప్రశ్నలకు ఉత్తరములను వ్రాయదని విద్యార్థులు గ్రహింపవలెను.

అశ్వగంధను గూర్చి మన హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో పరీక్ష జరిగి 2014 లో ప్రకటితమైనది. 20 మంది ఆరోగ్యవంతులైన పురుషులు పదునాలుగు దినములు దాని సారమును సేవించిరి. సంకేతమును చూచి స్పందించుట, అంకెలను గుర్తులతో జతపఱచుట మొదలగు కార్యములలో వేగము కొంత హెచ్చినది. ఇది సంతోషించదగినదే, కాని ఇరువదిమంది, పదునాలుగు దినములు అను మాటలను మఱువరాదు. స్పందించు వేగము వేఱు, గ్రహించిన అర్థము వేఱు.

దీనికి ప్రతిగా గింకో అను చైనాదేశపు వృక్షపు ఆకును చూడుడు. స్మృతినాశమును నివారించునని అది పాశ్చాత్యదేశములలో విరివిగా విక్రయింపబడినది. అమెరికాలో 3069 మంది వృద్ధులను, మధ్యస్థముగా ఆఱేండ్లకు పైగా పరిశీలించి 2008 లో ఫలితమును ప్రకటించిరి. స్మృతినాశ వ్యాధిని అది నివారింపలేదు. చిన్న పరీక్షలు చూపిన ఆశ పెద్ద పరీక్షలో నిలువలేదు. మన ఓషధులకు అంత పెద్ద పరీక్షలు ఇంకను జరుగలేదు. కావున వానిని త్రోసిపుచ్చుటయు తగదు, ఆకాశమునకెత్తుటయు తగదు.

పతంజలి కైవల్యపాదమున సిద్ధులు జన్మమువలన, ఓషధులవలన, మంత్రమువలన, తపస్సువలన, సమాధివలన కలుగునని చెప్పి ఓషధికిని స్థానమిచ్చెను. ఆ వెంటనే ఒక గొప్ప దృష్టాంతమును సూచించెను. నిమిత్తకారణము ప్రకృతిని త్రోసి నడిపింపదు. సేద్యగాడు అడ్డమును తొలగించునట్లు ఆవరణమును మాత్రము తొలగించును. మన రైతు మడవ తీయునేగాని నీటిని మోసికొనిపోయి ప్రతి మొక్క మొదట పోయడు. మడవ తీసినచో నీరు తనంత తానే పాఱును. కాలువలో నీరే లేనిచో మడవ యెన్నిమారులు తీసినను చేను తడవదు. ఓషధి మడవ తీయు పార వంటిది. అభ్యాసమే కాలువ నీరు. స్వామి వివేకానందులు తమ రాజయోగ గ్రంథమున ఈ సూత్రమును వ్యాఖ్యానించుచు, సమాధియే ముఖ్యసాధనమనియు తక్కినవి గౌణములనియు స్పష్టపఱచిరి.

మనస్సు క్రుంగినపుడు

యోగవిఘ్నములను లెక్కించుచు పతంజలి మొదట వ్యాధిని పేర్కొనెను. ఆ విఘ్నములతో కూడవచ్చు లక్షణములలో దౌర్మనస్యము ఒకటి. మనస్సు క్రుంగుటకు దేహవ్యాధియు కారణము కాగలదని యోగశాస్త్రము ఎఱుగును. విషాదములోనున్న మనుజుని భక్తి చాలనివాడని నిందించుట శాస్త్రసమ్మతము కాదు, దయయు కాదు.

ఓషధులు మనస్సును మార్చగలవనుటకు సర్పగంధయే సాక్షి. ఉన్మాదమునకు మన దేశమున వాడుచుండిన ఈ వేరును గూర్చి గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వంగ వైద్యులు 1931 లో వ్రాసిరి. 1952 లో దానినుండి రెసర్పిన్ అను సారము వేఱుచేయబడినది. ప్రపంచమంతట రక్తపుపోటునకు, ఉన్మాదమునకు అది ఔషధమైనది. అయితే దానిని సేవించినవారిలో కొందఱు తీవ్రవిషాదమునకు లోనైనట్లు వైద్యులు గమనించిరి. చెలరేగిన మనస్సును అణచు శక్తియే శాంతముగానున్న మనస్సును క్రుంగదీయనూ వచ్చును. మేలు చేయు బలమున్నచోట కీడు చేయు బలమును ఉండును. ఆకు గనుక అపాయము లేదనుట వట్టి మాట.

అశ్వగంధ మనోవ్యాకులతను తగ్గించునా యని హైదరాబాదు వైద్యులు 64 మందిని అఱువది దినములు పరీక్షించి 2012 లో ఫలితమును ప్రకటించిరి. సారమును సేవించినవారిలో ఆందోళనయు, రక్తములోని కార్టిసాల్ అను ద్రవ్యమును తగ్గినవి. అయినను, దీనివలన కొందఱకు కాలేయము చెడినట్లు తరువాతి కాలమున వైద్యులు నివేదించిరి. థైరాయిడ్ మందులు వాడువారును, గర్భిణులును దీనికి దూరముగా నుండవలెను. ఐరోపాలో సెయింట్ జాన్స్ వర్ట్ అను మొక్క అల్ప, మధ్యమ విషాదములకు ఉపకరించునని 29 పరీక్షలను కూర్చి 2008 లో తేల్చిరి. కాని అదియే మొక్క రక్తము గడ్డకట్టకుండ చేయు మందులను, గర్భనిరోధకములను, అవయవమార్పిడి పొందినవారి మందులను నిర్వీర్యము చేయును.

కావున ఒక్క మాట దృఢముగా చెప్పవలసియున్నది. వైద్యుడు వ్రాసియిచ్చిన మందును, ఆకును నమ్మి, తనంతట తాను మానరాదు. బ్రదుకుపై విరక్తి కలిగి ప్రాణము తీసికొనవలెనను తలపు వచ్చినవారిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరు 10వ తేదీన భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను ఉచిత సహాయమును 14416 సంఖ్యకు ఫోను చేసి ఎచ్చటి వారైనను పొందవచ్చును. దీవులలోని గ్రామవాసికిని ఇది అందుబాటులోనున్నది.

ఆకు నేర్పిన మఱియొక పాఠము

1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనమున రామకృష్ణ సంఘమున చేరి సన్న్యసింపనెంచిరి. తల్లి అంగీకరింపలేదు. వైద్యమును నేర్చి సేవచేయుట మేలను హితవును విని ఆయన మద్రాసున వైద్యమభ్యసించిరి. పిదప ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించిరి. తరువాత అమెరికాకు పోయిరి. ఆయన సోదరులను బలిగొన్నది స్ప్రూ అను గ్రహణీరోగము. ఆ రోగమునకు ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు కృత్రిమముగా తయారుచేసిరి. ఆ పేరు ఆకు అను అర్థముగల లాటిన్ పదమునుండి వచ్చినది. 1941 లో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని వేఱుచేసిరి.

ఈ పదార్థము కొఱవడినవారికి రక్తహీనతతోపాటు మఱపు, చిరాకు, నీరసము కలుగును. అనగా మన ఇంటి ఆకుకూరయే ఒకవిధమైన మేధ్యము. శాకాహారులు గమనింపవలసిన మఱియొక విషయము కలదు. బి12 అను విటమిన్ మొక్కలలో లభింపదు. అది మిక్కిలి తగ్గినచో మఱపు, విషాదము, కాళ్ళ తిమ్మిరి కలుగును. థైరాయిడ్ గ్రంథి మందగించినను ఇట్లే. ఇవి రక్తపరీక్షతో తెలియును. సకాలమున చికిత్స జరిగినచో చాలవఱకు నయమగును. ఫోలిక్ ఆమ్లమును మాత్రమే అధికముగా ఇచ్చినచో రక్తహీనత తగ్గి, బి12 లోపము మఱుగుపడి, నరములు చెడుచునేయుండును. వృద్ధాప్యము గదా యని ఊరకుండి, ఆకు పసరుతో సంవత్సరములు గడిపినచో నయముకాదగిన వ్యాధి నయముకానిదగును. ఓషధివలన కలుగు హానికంటె ఓషధిపేరిట జరుగు జాగువలన కలుగు హాని తఱచు పెద్దది.

కొన్ని జాగ్రత్తలు

వసలోని ఒక పదార్థము ఎలుకలలో పుట్టకురుపులకు కారణమైనందున అమెరికా ప్రభుత్వము 1968 లో ఆహారమున దాని వాడుకను నిషేధించినది. కావున పసిబిడ్డలకు దానిని ఇచ్చు ఆచారమును మానుట మంచిది. 2004 లో బోస్టన్ నగరపు అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద ద్రవ్యములను పరీక్షింపగా 14 ఇంటిలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ వంటి విషలోహములు కనబడినవి. సీసము పిల్లల మెదడునకు శత్రువు. మేధకై కొన్నది మేధనే హరించినట్లగును. తయారుచేసినవారి పేరు, అనుమతి సంఖ్య లేని పొట్లములను కొనరాదు. బ్రహ్మివలన కొందఱకు వికారము, కడుపునొప్పి, విరేచనములు కలుగును. శస్త్రచికిత్సకు ముందు తాము సేవించు ప్రతి మూలికను వైద్యునకు దాచక చెప్పవలెను.

ఆచారరసాయనము

ఓషధులతో రసాయనాధ్యాయమును ముగింపక చరకుడు చివరిపాదమున ఆచారరసాయనమును చెప్పెను. సత్యము పలుకువాడు, క్రోధములేనివాడు, మద్యమును వర్జించినవాడు, అహింసకుడు, ప్రియభాషి, జపశౌచములు గలవాడు, దానశీలుడు, గురువులను వృద్ధులను సేవించువాడు, నిద్రాజాగరణములందు సమత్వము గలవాడు నిత్యరసాయనము సేవించినవానితో సమానుడని ఆయన తాత్పర్యము. వీనిలో నిద్ర యొక్కదానినే గైకొనుడు. పగలు నేర్చినది రాత్రి నిద్రలో స్థిరపడునని నేటి శాస్త్రమును అంగీకరించుచున్నది. రాత్రి నిద్రను హరించి ఉదయమున లేహ్యము పెట్టుట, కుండకు చిల్లిచేసి నీరు పోయుట వంటిది. చిత్తప్రసాదమునకు పతంజలి చెప్పిన ఉపాయమును ఇట్టిదే: సుఖులయందు మైత్రి, దుఃఖితులయందు కరుణ, పుణ్యాత్ములయందు సంతోషము, పాపులయందు ఉపేక్ష.

కావున సాధకుడు ఈ క్రమమును పాటించుగాక. మొదట మితాహారము, నియతనిద్ర. పిదప నిత్యము ఒక నియతకాలమున జపము, చదివినదానిని పుస్తకము మూసి తలచుకొనుట. మఱపుగాని విషాదముగాని బాధించినచో వైద్యపరీక్ష. ఇవి యన్నియు జరిగిన పిదప, ఎఱిగిన వైద్యుని అనుమతితో ఓషధి.

తుదకు ఒక సంగతి కలదు. ఎన్ని యత్నములు చేసినను కొందఱు వృద్ధుల స్మృతి మరలిరాదు. కన్నకొడుకును చూచి నీవెవరవని అడుగు తల్లులున్నారు. ఆమెను విసుగుకొనువారు స్మృతియే ఆత్మయని భ్రమించుచున్నారు. స్మృతి యొక వృత్తి, వచ్చునది, పోవునది. దానికి సాక్షియైన చైతన్యము ఆమెయందు లవలేశమైనను తఱుగలేదు. క్రోధమువలన మోహమును, మోహమువలన స్మృతిభ్రంశమును కలుగునని గీత రెండవ అధ్యాయమున చెప్పినది. పదునెనిమిదవ అధ్యాయమున అర్జునుడు తన మోహము నశించినదనియు, స్మృతి లభించినదనియు చెప్పెను. ఆయనకు లభించిన స్మృతి పాఠముల జ్ఞాపకము కాదు; తానెవరో, తన కర్తవ్యమేమో యను ఎఱుక. పేరు మఱచిన తల్లికి అన్నము కలిపి ఓర్పుతో తినిపించు కుమారునకు ఆ స్మృతి కలదు. జీవుని శివునిగా భావించి సేవింపుమన్న శ్రీ రామకృష్ణుల ఉపదేశమును అతడు మఱువలేదు.